నాటిన ఏడాదికే కింది కొమ్మలన్నీ కొట్టేశారు, ఇప్పుడు మొక్కలు ఒంగిపోతున్నాయి, ఏం చేయాలి?

కాప్రా_గట్టు
జూన్ 11, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మా కాలనీ పార్కులో పోయినేడు జులైలో 14 మొక్కలు పెట్టాం, 5 కానుగ, 4 వేప, 3 రేల, 2 పొగడ. అన్నీ ఆరడుగులకి పైనే ఉన్న మొక్కలు, తలా కొంత డబ్బులేసుకుని నర్సరీ నుంచి ఆటో ట్రాలీలో తెచ్చుకున్నాం. ఎండాకాలం అంతా నేనూ ఇంకో ఇద్దరం వంతులేసుకుని నీళ్ళు పోశాం, ఒక్కటి కూడా చావలేదు.

మార్చిలో నేను ఊళ్ళో లేని టైంలో కాలనీవాళ్ళు పార్కు చూసే మాలీతో కింద నుంచి ఐదడుగుల దాకా కొమ్మలన్నీ నున్నగా కొట్టించేశారు, నీట్‌గా కనపడాలని. పైన గొడుగులాగా ఇంత ఆకు మిగిలింది అంతే. పక్కన వెదురు కర్ర పాతి బైండింగ్ వైరుతో గట్టిగా బిగించారు. మే నెల గాలివానకి మూడు మొక్కలు విల్లులాగా ఒంగిపోయాయి, ఒక కానుగ అయితే వైరు కట్టిన చోటే పుటుక్కున విరిగింది. ఇప్పుడేమో తలలు కూడా కొట్టేస్తే గుబురుగా వస్తాయి అంటున్నారు. ఆదివారం మీటింగ్ ఉంది, నేను వద్దని చెప్పాలనుకుంటున్నా గానీ ఎందుకు వద్దో నాకే సరిగ్గా తెలీదు. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మట్టిచేతులు
జూన్ 11, రాత్రి 10:25

తల కొట్టనివ్వకండి. మిగతావి నిదానంగా మాట్లాడుకుందాం, ముందు ఆ ఒక్కటి ఆపండి.

నేను రాజేంద్రనగర్ వైపు చిన్న నర్సరీ నడుపుతా, చాలా ఏళ్ళ నుంచి ఇదే పని. లేత చెట్టుకి కింది కొమ్మలు చూడ్డానికి అడ్డంగా కనిపిస్తాయి కానీ కాండం లావయ్యేది వాటి వల్లే. ఆ కొమ్మ మీద ఆకు చేసిన ఆహారం ముందు ఆ కొమ్మ కిందున్న కాండానికే అందుతుంది, అందుకే కింద కొమ్మలున్న మొక్కకి మొదలు లావుగా పైకి పోయేకొద్దీ సన్నగా, రోకలి లాగా కాకుండా మన గడ్డపార మొన లాగా సాగుతుంది. కింది కొమ్మలు తీసేస్తే ఎత్తు పెరుగుతుంది గానీ లావు పెరగదు, బరువంతా నెత్తి మీద. మీవి ఒంగింది అందుకే, గాలివాన ఒక సాకు.

చెట్టు మొత్తం ఎత్తులో సగానికి పైగా ఆకు ఉండాలి, మొదటి మూడు నాలుగేళ్ళు ఇది లెక్క. నడిచే దారికి అడ్డం వస్తే కొమ్మని మొదటికంటా తీయకుండా చివర్లు తుంచండి, సగానికి పొట్టి చేయండి. అలా పొట్టిగా ఉన్న కొమ్మ కాండానికి అన్నం పెడుతూనే ఉంటుంది, అది బొటనవేలు లావు అయ్యేలోపు ఏడాదికి రెండు మూడు చొప్పున కింద నుంచి తీసుకుంటూ పోవాలి. ఒకే రోజు అన్నీ తీయడం అంటే పాలు తాగే పిల్ల దగ్గర గిన్నె లాక్కోవడమే.

ఇప్పుడు కాండం మీద చిన్న చిన్న చిగుళ్ళు వస్తున్నాయా? వస్తే ఒక్కటి కూడా గిల్లొద్దు, చెట్టు పోయినదాన్ని మళ్ళీ తెచ్చుకుంటోంది.

కాప్రా_గట్టు
జూన్ 11, రాత్రి 10:41

వస్తున్నాయి అక్కా! కానుగలకి బాగా వస్తున్నాయి, వేపకి కొంచెం. మాలీ వాటిని చేత్తో దూసేస్తున్నాడు. రేపు పొద్దున్నే వెళ్ళి చెప్తా.

గడ్డపార_మొయినాబాద్
జూన్ 12, ఉదయం 6:15

అన్నా ముందుగాల ఆ వైరు కోసెయ్, ఇయ్యాల్నే. మీటింగ్ దాక ఆగకు. వైరు లోపటికి దిగిందంటే బెరడు తెగుతది, ఆహారం కిందికి వేర్లకు పోయేది బెరడు నుంచే కాబట్టి వేరు ఎండిపోతది, చెట్టు పైన పచ్చగ కనవడుకుంట లోపట చస్తది. నువ్వు చెప్పిన కానుగ అక్కడ్నే ఇరిగిందంటే అదే కత.

కర్ర కట్టుడు తప్పేం గాదు గని ఎట్ల కట్టాల్నో చెప్త ఇను. చెట్టును చేతితోని పట్టుకొని కింది నుంచి మెల్లమెల్లగ పైకి జరుపు, ఏ ఎత్తుల పట్టుకుంటే తల దానంతటదే నిటారుగ నిలవడ్తదో చూడు. దానికి ఇంకో జానెడు పైన కట్టు, అంతకంటె మీదికి కట్టకు. ఒక్క కర్ర గాదు, అటొకటి ఇటొకటి రెండు కర్రలు, చెట్టుకు మూరెడు దూరంల. మా ఇంట్ల పాత కాటన్ చీరలు చింపి వాడ్తం, ఎనిమిది అంకె తీర్గ మెలేసి కట్టాలె, చెట్టు జెర ఊగాలె. ఊగితెనే మొదలు గట్టిపడ్తది, వేరు పట్టు పెంచుకుంటది. ఊగకుండ బిగిస్తె ఎన్నేండ్లయినా కర్ర మీద ఆనుకొనే ఉంటది. ఇగ ఏడాది అయినంక కర్రలు తీసెయ్యాలె. మస్తు మంది గదే మర్సిపోతరు.

నిజాంపేట్_302
జూన్ 12, ఉదయం 8:50

ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాకు శంకర్‌పల్లి దగ్గర చిన్న ప్లాటు ఉందండి, నల్లమట్టి. పోయిన ఆగస్టులో బంగినపల్లి అంటు మొక్కలు నాలుగు పెట్టాను, ఇక్కడ బేనిషాన్ అంటారు కదా అదే. ఒక మొక్కకి అంటు అతుకు కింద నుంచి రెండు కొమ్మలు భలే ఏపుగా వచ్చాయి, అసలు కొమ్మ కంటే పొడుగైపోయాయి, బాగా పెరుగుతోందని సంబరపడ్డాం. కానీ ఆకు కొంచెం తేడాగా ఉందండి, సన్నగా. ఇంకోదానికి ఫిబ్రవరిలో పూత కూడా వచ్చింది, మా ఆవిడ పిందె ఉంచాలంటుంది.

మట్టిచేతులు
జూన్ 12, మధ్యాహ్నం 1:05

అతుకు కింద నుంచి వచ్చింది మీ బేనిషాన్ కాదండి, అది కింద వేరు కోసం వాడిన టెంక మొక్క. ఇవాళే మొదటికంటా తీసేయండి. వదిలేస్తే పైనున్న అంటు కొమ్మకి బలం పోక అది ఎండిపోతుంది, నాలుగేళ్ళ తర్వాత కాసేది ఏదో నాటు కాయ, నర్సరీవాడు మోసం చేశాడని తిట్టుకుంటారు. ఇంకో మాట, అతుకు దగ్గర ప్లాస్టిక్ టేపు ఉందేమో చూడండి, ఏడాదయినా అలాగే ఉంటే కాండాన్ని నొక్కేస్తుంది, బ్లేడుతో నిలువుగా గీసి తీసేయాలి.

పూత విషయంలో అమ్మగారికి నా మాటగా చెప్పండి, మొదటి మూడేళ్ళు పూత తుంచేయాలి. మనసొప్పదు, నాకు తెలుసు. కానీ నడుములోతు మొక్క నాలుగు కాయలు మోస్తే ఆ ఏడాది కొమ్మా రాదు వేరూ రాదు.

మామిడికి మాత్రం పార్కు చెట్ల లెక్క వేరు. రెండున్నర మూడడుగుల ఎత్తులో తల తుంచి, చుట్టూ దూరదూరంగా వచ్చే మూడు నాలుగు కొమ్మలు ఉంచుకుంటాం, చేతికందే ఎత్తులో కాయ కోసుకోవాలి కాబట్టి. పెద్దయ్యాక కత్తిరింపులు కాయ కోత అవగానే జూన్ జులైలో చేస్తాం. ఆ తర్వాత వచ్చే చిగురు ముదిరితేనే చలికాలంలో పూత. ఆలస్యంగా కత్తిరిస్తే ఆ ఏడు పూత పోయినట్టే. సంగారెడ్డిలో పండ్ల పరిశోధన కేంద్రం ఉంది, మీకు దగ్గరే, ఒకసారి వెళ్ళి చెట్లు ఎలా తీర్చిదిద్దారో కళ్ళతో చూసి రండి, నేను ఇక్కడ వంద లైన్లు రాసినా అంత తెలీదు.

పాత_అల్వాల్
జూన్ 12, రాత్రి 8:30

అమ్మా, మీ అనుభవాన్ని కాదనను కానీ నాటేటప్పుడు తల నరికి ఆకు దూసి పెట్టడం మా నాన్నగారి కాలం నుంచి ఉంది. వేరు తక్కువగా ఉన్నప్పుడు ఆకు ఎక్కువ ఉంటే నీరంతా ఆవిరైపోయి మొక్క వాడిపోతుందని ఆయన చెప్పేవారు. టేకు అయితే జానెడు మొద్దు లాగా నరికే పాతేవాళ్ళం, ఒక్కటి తప్పకుండా వచ్చేది. ఇప్పుడు అదంతా తప్పంటే ఎలా?

మట్టిచేతులు
జూన్ 12, రాత్రి 9:15

తప్పనలేదు సార్, మీ నాన్నగారు చేసింది ఆ మొక్కలకి సరైనదే. టేకు స్టంపు ఇప్పటికీ అలాగే నాటుతారు, వేరు ముక్కా పైన రెండు వేళ్ళంత కాండమూ ఉంచి. అప్పట్లో మొక్కల్ని మడి నుంచి పీకి వేర్లకి మట్టి లేకుండా తెచ్చేవాళ్ళు, సగం వేరు తెగిపోయేది, కాబట్టి ఆకు తగ్గించడంలో అర్థం ఉంది. కడియం నుంచి లారీల్లో వచ్చే పెద్ద చెట్లకి కూడా గోనెసంచి కట్టిన మట్టిగడ్డ దాటి ఉన్న వేర్లన్నీ తెగే ఉంటాయి, వాటికీ కొంత ఆకు తీసే పంపుతారు.

కానీ కవరులో పెరిగిన మొక్కకి వేరంతా కవరులోనే ఉంది కదా, ఏమీ తెగలేదు. పైగా కొమ్మ కొసల్లో ఉండే మొగ్గ నుంచే కొత్త వేరు పుట్టమని కిందికి కబురు వెళ్తుంది, తల కొట్టేస్తే ఆ కబురు ఆగిపోతుంది. నాటిన రోజు విరిగినవి, ఎండినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఇవి తప్ప వేరే ఏదీ ముట్టుకోను నేను. రెండు తలలు సమానంగా పోటీ పడుతుంటే మాత్రం ఒకదాన్ని పొట్టి చేస్తా, ఎందుకంటే ఇరుకు పంగ పెద్దయ్యాక గాలికి నిలువునా చీలేది అక్కడే.

పాత_అల్వాల్
జూన్ 12, రాత్రి 9:32

ఇది బాగుందమ్మా. మడి మొక్కకీ కవరు మొక్కకీ తేడా నేను ఆలోచించలేదు.

ఉప్పల్_చెట్టుకింద
జూన్ 13, ఉదయం 7:20

కవరు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా వీధిలో నాలుగేళ్ళు బతికిన పచ్చతురాయి పోయినేడు గాలికి మొత్తం వేళ్ళతో పడిపోయింది. చూస్తే నల్ల కవరు చింపకుండా అడుగున మాత్రం కోసి పెట్టారు, వేర్లన్నీ కవరు లోపల తాడు చుట్ట చుట్టినట్టు గుండ్రంగా తిరిగాయి, బయటికి వచ్చింది రెండే. నాలుగేళ్ళ చెట్టుకి బకెట్టంత వేరు. దాన్ని పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడిపోయాను, ఆ చెట్టుకి నీళ్ళు పోసింది నేనే.

నాటేటప్పుడు కవరు పూర్తిగా తీసేయండి, చుట్టుకున్న వేర్లుంటే బ్లేడుతో మూడు నాలుగు చోట్ల నిలువుగా గీయండి. భయపడొద్దు, అక్కడి నుంచే కొత్తవి బయటికి వస్తాయి.

గడ్డపార_మొయినాబాద్
జూన్ 13, ఉదయం 7:55

నిజం. ఇంకోటి, గుంత. మన పట్నంల అడుగడుగునా బండనే. చాన కాలనీలల్ల పైన అడుగు మట్టి, దాని కింద మొరం, దాని కింద రాయి. కట్టిన ఇండ్ల పక్కనైతే ఇటుక పెళ్ళలు, సిమెంటు పొట్లాలు ఏస్తరు. గుంత తోడినంక దాన్నిండ నీళ్ళు పోసి సూడున్రి, తెల్లారే వరకు ఇంకితె మంచిదే, ఇంకకుంట నిలిస్తె అది గుంత గాదు గోలెం, వేరు మురుగుతది. అసొంటి కాడ లోతు తవ్వుడు కంటె ఎడల్పు తవ్వుడు నయం, మట్టిని కుప్ప జేసి జెర ఎత్తు మీద పెట్టాలె. చెట్టు మొదలు, వేరు మొదలయ్యే కాడ లావుగ ఉంటది సూడు, గది మట్టి మీదనే కనవడాలె. చాన మంది బలంగ ఉంటదని మట్టి ఎగదోస్తరు, బెరడు నాని పోతది.

కాప్రా_గట్టు
జూన్ 13, రాత్రి 10:10

వైర్లన్నీ కోసేశాను. రెండు చెట్లకి నిజంగానే గాడి పడింది, చెప్పుకోలేనంత బాధేసింది. చీర గుడ్డలతో అన్న చెప్పినట్టే రెండు కర్రలకి కట్టాం.

మొదళ్ళు కూడా చూశా, ఆరు చెట్లకి మట్టి ఎగదోసి ఉంది, తీసేశాం. నీళ్ళ సంగతి అడగాలి, ఇప్పటిదాకా మొదట్లోనే రోజూ ఒక బకెట్ పోసేవాళ్ళం. అది కరెక్టేనా? ఇంకా వేప ఒకదానికి కొమ్మల చివర్లు ఎండి గోధుమ రంగుకి వస్తున్నాయి.

చిగురు_కాపలా
జూన్ 14, ఉదయం 9:00

వేప గురించి నేను చెప్తా, ఆ జబ్బుని నాలుగైదేళ్ళుగా చూస్తున్నా. 2021 లో తెలంగాణ అంతా వేపలు ఒకేసారి మాడిపోయినట్టు అయ్యాయి గుర్తుందా, ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, కొమ్మ చివరి నుంచి కిందికి ఎండుకుంటూ వస్తుంది. రసం పీల్చే టీ దోమ కూడా చిగుళ్ళ మీద గాట్లు పెట్టి దారి చేస్తుంది. వానలు ముదిరాక, ఆగస్టు నుంచి చలికాలం దాకా ఎక్కువ. అప్పుడు చాలామంది చెట్టు చచ్చిపోయిందనుకుని నరికేశారు, నరకని వాళ్ళ చెట్లు చాలావరకు ఎండాకాలంలో మళ్ళీ చిగురేశాయి.

ఎండినచోట కాదు, ఇంకో జానెడు కిందికి పచ్చిగా ఉన్నచోట కోయండి. కోసినవి అక్కడే పడేయకుండా తీసుకెళ్ళి కాల్చేయండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళేముందు కట్టర్‌ని స్పిరిట్‌తో తుడవండి, ఇది బద్ధకించొద్దు. కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు లీటరు నీళ్ళకి ఒక గ్రాము కలిపి కొట్టొచ్చు, చిన్న చెట్టు కాబట్టి చేతి పంపు సరిపోతుంది, గ్లౌజులు మాస్కు వేసుకోండి, పార్కులో పిల్లలు లేనప్పుడు చేయండి. వాన పడుతున్న రోజుల్లో వేపని కోయకపోవడం మేలు.

మట్టిచేతులు
జూన్ 14, ఉదయం 11:30

నీళ్ళు. రోజూ కొంచెం అనేది మొదటి నెల వరకే. ఏడాది దాటిన మొక్కకి వారానికి ఒకటి రెండుసార్లు, పోసిన రోజు మాత్రం ఇరవై ముప్పై లీటర్లు, నిదానంగా ఇంకేలాగా. రోజూ పైపైన తడిస్తే వేరు కూడా పైపైనే తిరుగుతుంది, ఎండకి మొదట మాడేది అదే. పాదు కూడా మొదటి ఏడు చేసిందే ఉంచకండి, కొమ్మలు ఎంతవరకు చాస్తే పాదు అంచు అక్కడికి జరపాలి, నీళ్ళు అంచులో పోయాలి, మొదట్లో కాదు. పాత బకెట్ అడుగున మేకుతో రెండు చిల్లులు పెట్టి పక్కన పెడితే డ్రిప్ లాగా పనిచేస్తుంది, ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి కుండ పాతిపెట్టడం కూడా బాగుంటుంది. ఆర్వో మిషన్ నుంచి వదిలే నీళ్ళు మాత్రం పోయొద్దు, అందులో ఉప్పులు ఎక్కువ.

పాదులో ఎండుటాకు మూడు నాలుగు వేళ్ళ మందం పరవండి. పార్కులో ఊడ్చి తగలబెట్టే ఆకంతా చెట్టుకి దుప్పటే. కాండానికి తగలకుండా బెత్తెడు ఖాళీ వదలండి, మన ఎర్రమట్టికి చెదలు ఎక్కువ.

చెదలంటే పిల్లలమర్రి గుర్తొస్తుంది, మహబూబ్‌నగర్ దగ్గర ఏడువందల ఏళ్ళ మర్రి అంటారే. 2018 లో దానికి చెదలు పట్టి సెలైన్ బాటిళ్ళతో క్లోరోపైరిఫాస్ అనే పురుగుమందు ఎక్కించారు, ఊడల్ని పైపుల్లోంచి భూమిలోకి దించారు, కొమ్మల కింద స్తంభాలు కట్టారు. అంత పెద్దదానికి చివర్లో అంత చాకిరీ. మన మొక్కలకి ఇప్పుడు బెత్తెడు ఖాళీ చాలు.

నిజాంపేట్_302
జూన్ 14, మధ్యాహ్నం 3:40

మావిడి పిలకలు తీసేశానండి. ఒక డౌటు, కోసినచోట పేడ రాయాలా, పెయింటా, బోర్డో పేస్టా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

చిగురు_కాపలా
జూన్ 14, సాయంత్రం 5:10

మామిడి నిమ్మ లాంటివాటికి, అదీ వానాకాలంలో లావు కొమ్మ కోస్తే బోర్డో పేస్టు రాస్తాం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్ళు, ఇదే పాళ్ళలో మీకు కావలసినంత తగ్గించుకోండి, ఇనప పాత్రలో కలపొద్దు, ప్లాస్టిక్ వాడండి. పెయింట్ వద్దు.

పెన్సిలంత కొమ్మకి ఏదీ అక్కర్లేదు. ఎక్కడ కోశారన్నదే ముఖ్యం. అలెక్స్ షైగో అని అమెరికా అటవీ శాఖలో ఒక శాస్త్రవేత్త ఉండేవాడు, వేల చెట్లని నిలువునా కోసి లోపల చూసినవాడు. ఆయన చెప్పింది ఏంటంటే చెట్టుకి గాయం మానదు, మన చర్మం లాగా కొత్తది రాదు, గాయం చుట్టూ లోపల గోడ కట్టి దాన్ని అక్కడే మూసేస్తుంది, పైనుంచి కొత్త చెక్క కప్పుకుంటుంది. ఆ గోడ కట్టే శక్తి కొమ్మ మొదట్లో ఉంగరంలాగా ఉబ్బెత్తుగా ఉండే మడతలో ఉంది. మనవాళ్ళు కాండానికి నున్నగా చెక్కేసేటప్పుడు పోయేది ఆ ఉంగరమే. అలాగని మూరెడు మోడు వదిలితే అది కుళ్ళి లోపలికి పోతుంది. ఉంగరం అంచున కోయాలి.

లావు కొమ్మ అయితే మూడు కోతలు: ముందు జానెడు దూరంలో కింద నుంచి మూడోవంతు, తర్వాత దానికి కాస్త అవతల పై నుంచి, కొమ్మ పడిపోయాక మిగిలిన మోడుని ఉంగరం దగ్గర. కింది కోత లేకపోతే కొమ్మ పడుతూ కాండం బెరడుని చీల్చుకుని పోతుంది. గొడ్డలి మాత్రం చెట్టు దగ్గరికి తేవొద్దు, రంపమే.

కాప్రా_గట్టు
జూన్ 15, రాత్రి 9:50

మీటింగ్ అయింది. తల కొట్టడం ఆగింది! కింది కొమ్మల మీద చాలాసేపు నడిచింది, వాకింగ్‌కి వచ్చేవాళ్ళకి అడ్డం, పాములు దాక్కుంటాయి అన్నారు, పొట్టి చేసి ఉంచుతాం, కింద గడ్డి కోయిస్తాం అని ఒప్పించాం. మాలీ తాతని కూడా కూర్చోబెట్టుకున్నాం, ఆయనదీ నారాయణపేట దగ్గర వ్యవసాయమే, నాకు తెలుసు బిడ్డా కొట్టొద్దని, నీటుగ కావాలంటే కొట్టిన అన్నాడు. ఆయన్ని ఇంతకుముందు ఎవరం అడగనే లేదు. నడిచే దారి టైల్స్ కూడా కాండాన్ని ఆనుకుని వేయబోతుంటే ఆపాం, 2013 లో పర్యావరణ కేసులు చూసే ఎన్‌జీటీ ట్రిబ్యునల్ ఢిల్లీ చెట్ల విషయంలో చుట్టూ ఒక మీటరు కాంక్రీటు ఉండొద్దని చెప్పిన సంగతి ఒక ఆంటీ చెప్పారు, అది బాగా పనికొచ్చింది.

కరెంటు తీగల కింద ఇంకో ఆరు మొక్కలు పెడదామంటున్నారు, ఏవి పెట్టొచ్చు?

మట్టిచేతులు
జూన్ 15, రాత్రి 10:20

చాలా సంతోషం. తీగల కింద దేవకాంచనం, పారిజాతం, కరివేపాకు లాంటి పొట్టి రకాలే. కానుగో వేపో పెడితే ఏటా వానలకి ముందు వచ్చి మధ్యలోకి నరికి పోతారు, వాళ్ళనీ అనలేం, తప్పు పెట్టినచోట ఉంది. కోనోకార్పస్ తొందరగా పెరుగుతుందని ఎవరైనా అంటే వద్దనండి, 2022 లో మన రాష్ట్రంలోనే దాన్ని నాటడం ఆపమన్నారు.

కాప్రా_గట్టు
అక్టోబరు 19, ఉదయం 8:05

నాలుగు నెలల తర్వాత వచ్చా, ఫొటోలు పెడుతున్నా. ఒంగిన మూడింట్లో రెండు నిలబడ్డాయి, కాండం మీద చిగుళ్ళు వదిలేశాం కదా, ఇప్పుడు మూరెడు కొమ్మలయ్యాయి, కింద కూడా వేలితో చూస్తే తెలిసేంత లావొచ్చింది. మూడోది ఇంకా కర్ర మీదే ఉంది. వేప చివర్లు ఇంకోసారి ఎండితే కోశాం. విరిగిన కానుగ పోయిందనుకున్నాం, తాత పీకనివ్వలేదు, భూమి దగ్గర నుంచి ఐదు పిలకలు వచ్చాయి, ఒకటి నా నడుం దాకా ఉంది. ఐదూ ఉంచాలా, ఒక్కటే ఉంచాలా?

గడ్డపార_మొయినాబాద్
అక్టోబరు 19, ఉదయం 8:40

తాతకు నా తరపున దండం పెట్టు అన్నా.

ఇప్పుడే ఒక్కటి చెయ్యకు. మూడు ఉంచు, రెండు చిన్నయి తీసెయ్, చలికాలం ఎల్లిపోనీ. వచ్చే జూన్‌ల ఒక్కటి ఏరుకో, అన్నిట్ల పొడుగుది గాదు, భూమికి అందరికంటె దగ్గర్ల పుట్టింది, పడమటి దిక్కు ఉన్నది. మన కాడ వానగాలి అటుకెల్లి వస్తది గద, పడమటి పిలకనైతే గాలి మోడు మీదికి ఒత్తుతది, తూర్పుదాన్ని అయితే మోడు నుంచి ఇరుస్తది.

కాప్రా_గట్టు
అక్టోబరు 19, ఉదయం 9:02

నడుం దాకా ఉన్నది తూర్పుదే అన్నా. పడమర వైపుది మోకాలంత ఉంది.

మట్టిచేతులు
అక్టోబరు 19, ఉదయం 9:30

అయితే తూర్పుదాని తల జానెడు తుంచండి, పడమరది జూన్ లోపు అందుకుంటుంది.